స్టీరింగు ఎవరి చేతిలో, ఆర్.సి. ఎవరి పేరున?

(ఉంగుటూరులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. కొన్నిచోట్ల మాటలు సవరించి, ఆ రోజు సమయం చాలక వదిలేసిన ఒకటి రెండు విషయాలు చేర్చాను.)



నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు చెప్పిన విషయం ‘స్త్రీలు - ఆస్తి హక్కు’. నేను డ్రైవింగు లైసెన్సు గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతలావిడ నవ్వేసింది. “లైసెన్సు గురించి ఆడవాళ్ళ మీటింగులో ఏం మాట్లాడతారండీ, మాలో స్కూటీ నడిపేవాళ్ళే ఇద్దరు ముగ్గురు” అంది. సరిగ్గా అందుకే మాట్లాడదామనుకున్నాను. బండి నడిపేవాళ్ళకి లైసెన్సు సంగతి ఎంతో కొంత తెలుసు. నడపని మనకే తెలియదు. తెలియకపోవడం వల్ల నష్టపోయేదీ మనమే. ఆస్తి హక్కు గురించి కూడా మాట్లాడినట్టే అవుతుంది, చివరికి మీరే చూస్తారు.

పొద్దున తేలప్రోలు దగ్గర దిగి, ఇక్కడికి రావడానికి ఆటో కోసం చూస్తూ నిలబడ్డాను. నూజివీడు వైపు ఒక టాటా ఏస్ వెళ్ళింది. సరుకు బండి. వెనక పద్నాలుగు పదిహేనుమంది ఆడవాళ్ళు, పక్క ఇనప కడ్డీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కాళ్ళ దగ్గర అన్నం క్యారేజీలు. ముందు డ్రైవరు, డ్రైవరు పక్కన మేస్త్రి. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ కూర్చునే ఉన్నారు. మీకు ఇది రోజూ కనిపించే దృశ్యమే. మామిడి కోతలు మొదలయ్యాయంటే ఈ రోడ్డు మీద ఇలాంటి బళ్ళు లెక్కలేనన్ని. మగవాళ్ళు చెట్టెక్కి చిక్కంతో కాయ దించితే, ఏరడం, జీడి ఆర్చడం, సైజులవారీగా వేరు చేయడం, పెట్టెల్లో సర్దడం ఆడవాళ్ళ పని. సాయంత్రానికి అదే బండి, లేదా దాని అన్న లాంటి ఇంకో బండి, కాయ వేసుకుని నున్న మార్కెట్టుకి పోతుంది. పొద్దున మనుషులు, సాయంత్రం బంగినపల్లి. కాయ పాడవకుండా కింద గడ్డి పరుస్తారు.

ఆ బండిని చూస్తూ నాకు మూడు ప్రశ్నలు వచ్చాయి. నడిపేవాడికి ఆ బండికి తగిన లైసెన్సు ఉందా? ఆ బండి ఎవరి పేరున ఉంది? ఏదైనా జరిగితే వెనక నిలబడ్డవాళ్ళకి ఎవరు జవాబుదారీ? ఈ మూడు ప్రశ్నలూ ఒకే తాడుకున్న మూడు పురులు.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడే మన పేరు ఉంది. మన ఊళ్ళలో చిన్న సరుకు బళ్ళు, ఆటోలు చాలా వాటికి ఆర్.సి. భార్య పేరునో తల్లి పేరునో ఉంటుంది. డ్వాక్రా సంఘం నుంచి అప్పు తెచ్చింది ఆమె, కార్పొరేషన్ లోనుకి దరఖాస్తు పెట్టింది ఆమె, లేదా మొగుడికి బ్యాంకులో పాత బాకీ ఉంది కాబట్టి సంతకం ఆమె చేత పెట్టించారు. ‘స్త్రీ పేరున ఆస్తి’ అని మనం కూడా ఒకప్పుడు సంబరపడ్డాం. నేనూ రాశాను, సాధికారత అని. ఆ బండి తాళంచెవి ఏనాడూ ఆమె కొంగున ఉండదు. కిరాయి డబ్బు ఆమె చేతికి రాదు. బండి ఎవరికి అద్దెకిచ్చారో, ఏ పూట ఎవరు నడిపారో ఆమెకు చెప్పరు.

చట్టం దృష్టిలో మాత్రం ‘ఓనరు’ ఆమే. 1988 మోటారు వాహనాల చట్టం, ఇది 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉందో వాళ్ళే యజమాని అంటుంది. అయిదో సెక్షను ప్రకారం లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వకూడదన్న బాధ్యత యజమానిది. ఇస్తే నూట ఎనభయ్యో సెక్షను కింద శిక్ష. 2019 సవరణ ఆ జరిమానాను వెయ్యి నుంచి 5,000 రూపాయలు చేసింది, మూడు నెలల దాకా జైలు కూడా వేయవచ్చు. జరిమానా అసలు బాధ కాదు. అసలు బాధ ప్రమాదం జరిగినప్పుడు మొదలవుతుంది.

బండి గుద్ది ఒక మనిషి చనిపోయాడనుకోండి. ట్రిబ్యునల్లో కేసు పడుతుంది. ఇన్సూరెన్సు కంపెనీ లాయరు మొట్టమొదట అడిగేది డ్రైవరు లైసెన్సు. అది లేకపోయినా, నకిలీదైనా, గడువు తీరిపోయినా, ఆ తరగతి బండికి సరిపోకపోయినా, ‘పాలసీ షరతు ఉల్లంఘించారు, మేం కట్టం’ అంటారు. దీని మీద సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో ఒక మధ్యేమార్గం చెప్పింది. బాధితుడి కుటుంబాన్ని అన్యాయం చేయడానికి వీల్లేదు, లైసెన్సు లోపం ఒక్కటే చూపించి కంపెనీ తప్పుకోలేదు, యజమాని తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసిందని కంపెనీ రుజువు చేయాలి అంది. అలా రుజువైన చోట కూడా కోర్టులు చాలాసార్లు ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెబుతాయి. బాధితులకి ఇది మంచి తీర్పే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ‘యజమాని దగ్గర వసూలు’ అన్నప్పుడు ఆ యజమాని ఎవరు? సంఘంలో వేలిముద్ర వేసి వచ్చిన మన అక్క.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది, పేరూ ఊరూ చెప్పను. భర్త మేనల్లుడు బండి తీసుకెళ్ళాడు, దారిలో సైకిలు మీద వెళ్తున్న ముసలాయన్ని గుద్దాడు. పిల్లవాడికి లైసెన్సు లేదు. ఈ గొడవల్లోనే భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి ఆమెకి వసూలు నోటీసు వచ్చింది. ఆమె నన్ను అడిగిన మాట: “నేను ఆ బండి ఎక్కనైనా ఎక్కలేదమ్మా, నాకెందుకొచ్చింది కాయితం?” సమాధానం చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. సోషియాలజీలో దీనికి పేర్లు ఉన్నాయి. ఆమెకి ఆ పేర్లతో పని లేదు.

ఇంకో సంగతి. బండి అమ్మేస్తారు, తెల్ల కాగితం మీద రాసుకుంటారు, డబ్బు తీసుకుంటారు. ఆర్.సి. మాత్రం మార్చరు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రికార్డులో పేరు ఎవరిది ఉందో వాళ్ళే బాధ్యులు, చేతులు ఎన్ని మారినా సరే. కాబట్టి ఎప్పుడో ఇంట్లోంచి వెళ్ళిపోయిన బండి కూడా మీ మీదకు తిరిగి రాగలదు.

మరి ఆమె ఏం చేయగలదు? ఇక్కడ 2003 నాటి లెహ్రూ కేసు ఉపయోగపడుతుంది. యజమాని డ్రైవర్ని పెట్టుకునేటప్పుడు లైసెన్సు అడిగి చూడాలి, అది పైకి సవ్యంగానే కనిపించాలి, మనిషి సరిగ్గా నడుపుతున్నాడని చూసుకోవాలి. అంతవరకే ఆమె బాధ్యత. అది అసలుదో నకిలీదో ఆర్.టి.ఓ. ఆఫీసుకి వెళ్ళి వాకబు చేయనక్కర్లేదు. అంటే ఏమిటి? ఆ బండి ఎవరు నడిపినా వాళ్ళ లైసెన్సు జిరాక్సు కాపీ ఒకటి ఇంట్లో, మీ పాస్‌బుక్కు ఉన్న సంచిలోనే ఉండాలి. మొగుడిదైనా సరే, కొడుకుదైనా సరే. “నన్నే నమ్మవా” అని గొడవ చేస్తారు. చేయనివ్వండి. లైసెన్సు మీద గడువు తేదీ చూడండి. రవాణా వాహనాలకిచ్చే లైసెన్సుకి ఇదివరకు మూడేళ్ళే గడువు, 2019 సవరణ తర్వాత అయిదేళ్ళయింది.

కొడుకు అన్నాను కాబట్టి ఆ మాట కూడా చెప్పేస్తాను. పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు ట్రాక్టర్లు తోలడం మన దగ్గర గొప్పగా చెప్పుకునే విషయం. ‘మా వాడు ట్రక్కుతో సహా రివర్సు కొడతాడు’ అంటారు. 2019లో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే గార్డియనూ, బండి యజమానీ దోషులు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందని, ఆపడానికి ప్రయత్నించానని రుజువు చేసుకోవలసిన భారం కూడా వాళ్ళదే. తండ్రి ఊరుకోమన్నా ఆర్.సి. తల్లి పేరున ఉంటే తల్లి ఊరుకోలేదు.

ఇప్పుడు బండి వెనక నిలబడ్డవాళ్ళ సంగతి. ఇది నేను ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగంమంది ఆ కడ్డీలు పట్టుకున్నవాళ్ళే.

సరుకు బండిలో ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు ఉంటుందా? 1994 సవరణ తర్వాత చట్టం ఒక్క మినహాయింపు ఇచ్చింది: సరుకు యజమాని గానీ, సరుకుతో పాటు వెళ్ళే అతని మనిషి గానీ బండిలో ఉంటే వాళ్ళకి రక్షణ ఉంటుంది. కాయ గంపలతో వెళ్ళే రైతుకి ఉంది. మరి ఆ కాయ ఏరడానికి వెళ్ళే కూలికి? 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు, సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకి కంపెనీ బాధ్యత లేదంది. అంతకు మూడేళ్ళ ముందు ఇంకో కేసులో ఇదే కోర్టు ఉంటుందని చెప్పింది, దాన్ని తిరగ్గొట్టింది. పనిలోకి తీసుకెళ్తున్న కూలీలు ‘ఊరికే ఎక్కినవాళ్ళు’ ఎలా అవుతారండీ? కానీ పాలసీ భాషలో అలాగే అవుతారు. ఆ బండి యజమాని దగ్గర జీతానికి ఎత్తుదింపు చేసే మనిషైతే వేరే దారి ఉంది. తోట వాళ్ళు వేరు, మేస్త్రి వేరు, బండి వేరు అయినప్పుడు మనం ఎవరి మనుషులమూ కాము. పొద్దున ఆరింటికి ఎవరి మనిషో తెలియని మనిషి రోడ్డు మీద నూజివీడు దాకా నిలబడి వెళ్తోంది.

ట్రాక్టరు సంగతి ఇంకా తిరకాసు. వ్యవసాయ ట్రాక్టర్ని రూల్సు రవాణా వాహనం కాదంటాయి, రైతుకి ఇది పెద్ద సౌకర్యం. ట్రక్కు తగిలించి సరుకు వేసినా ట్రాక్టరు లైసెన్సు చెల్లుతుందని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే డ్రైవరు లైసెన్సు వరకూ సమస్య తీరింది. కానీ ట్రక్కులో ఇరవైమందిని ఎక్కించుకుంటే వాళ్ళకి సీటు లేదు, ప్రీమియం లేదు. బోల్తా పడితే కంపెనీ ‘వ్యవసాయానికి ఇచ్చిన పాలసీ ఇది’ అంటుంది. కొన్ని కోర్టులు జాలి చూపించి ముందు కట్టమంటాయి, కొన్ని అనవు. మన బతుకు ఏ బెంచి ముందు పడుతుందన్న దాని మీద ఆధారపడి ఉంది.

కార్యకర్తలకి ఒక ముఖ్యమైన మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాద పరిహారం కేసు ఆరు నెలల్లోపు వేయాలన్న గడువు అమల్లోకి వచ్చింది. పెద్దకర్మ అయ్యి, పోలీసు కాగితాలు చేతికొచ్చి, లాయర్ని చూసుకునేసరికి మన ఇళ్ళలో ఆరు నెలలు ఎంతలో అయిపోతాయో మీకు తెలుసు. ఈ గడువు చెల్లదని సుప్రీంకోర్టుకి వెళ్ళారు, గడువు దాటిందన్న కారణంతో కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆరు నెలల్లోపే వేయించండి. అదే రోజు నుంచి 164 సెక్షను కింద తప్పెవరిదో రుజువు చేయనక్కర్లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు అడిగే వీలు కూడా వచ్చింది.

సరే, ఇక ముందు సీటు. స్టీరింగు దగ్గర ఆడమనిషి ఎందుకు లేదు?

చట్టం ఆడవాళ్ళని వద్దనలేదు. ఇంగ్లీషు ప్రతిలో డ్రైవర్ని ఎప్పుడూ ‘అతడు’ అనే రాశారు, కానీ 1897 నాటి ఇంకో చట్టం ‘అతడు’ అంటే ‘ఆమె’ కూడా అని ముందే చెప్పి పెట్టింది. కాబట్టి కాగితం మీద అభ్యంతరం లేదు. షరతుల్లో ఉంది మెలిక.

2007లో కేంద్రం ఒక రూలు తెచ్చింది, రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలని. అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్ళకి రెన్యువలుకి మినహాయింపు ఇచ్చారు. ఆ ‘అప్పటికే ఉన్నవాళ్ళు’ ఎవరు? మగవాళ్ళు. అయిదుతో ఆపేసి తమ్ముడిని ఎత్తుకోవడానికి ఇంట్లో ఉంచిన ఆడపిల్ల అప్పుడే, ఆ 2007 తర్వాతే, ఆటో నడుపుదామని ముందుకొస్తే ఆమెకి తలుపు మూశారు. పన్నెండేళ్ళు మూసి ఉంచారు. 2019 సెప్టెంబరులో ఆ రూలు తీసేశారు. ఎందుకు తీసేశారు? మనం అడిగామని కాదు. హర్యానా ప్రభుత్వం మేవాత్ ప్రాంతం డ్రైవర్ల కోసం మినహాయింపు అడిగింది, దేశంలో సుమారు 22 లక్షలమంది డ్రైవర్ల కొరత ఉందని మంత్రిత్వ శాఖ లెక్క చెప్పింది, నడపడానికి కావలసింది నైపుణ్యం గానీ చదువు కాదని తెలుసుకుంది. ఆ మాట పన్నెండేళ్ళ ముందు ఎందుకు తెలియలేదో! ఏమైనా తలుపు తెరుచుకుంది. అది తెరుచుకుందని మన ఊళ్ళలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఏజెంట్లు కొందరు ఇవాళ్టికీ ‘ఎనిమిది పాస్ సర్టిఫికెట్ తెప్పిస్తాను’ అని డబ్బు తీసుకుంటున్నారు.

రెండో తలుపు లైసెన్సు తరగతులది. మామూలుగా కారు నడపడానికి ఇచ్చేది ఎల్.ఎం.వి. లైసెన్సు. కిరాయికి నడపాలంటే దాని మీద ‘ట్రాన్స్‌పోర్టు’ అని వేయించుకోవాలి, బ్యాడ్జీ కావాలి. దానికి ముందు ఎల్.ఎం.వి. లైసెన్సు ఏడాది పాటు ఉండాలి, ఇరవై ఏళ్ళు నిండాలి, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, డ్రైవింగు స్కూలు సర్టిఫికెట్టు కావాలి. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి ఎంత డబ్బు, ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేసుకోండి. ఇన్సూరెన్సు కంపెనీలు ఈ ముద్ర లేదన్న సాకుతోనే వేల కేసుల్లో అడ్డం తిరిగాయి. 2017 జులైలో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి ఎల్.ఎం.వి. లైసెన్సు చాలునంది. 2018 ఏప్రిల్లో కేంద్రం రాష్ట్రాలకి ఆ మేరకు లేఖ రాసింది. కంపెనీలు ఊరుకోలేదు, మళ్ళీ వెళ్ళాయి. 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం రంభాదేవి కేసులో అదే మాట ఖాయం చేసింది. ఎల్.ఎం.వి. లైసెన్సున్న మనిషి ఏడున్నర టన్నుల లోపు రవాణా వాహనం నడపవచ్చు, వేరే ముద్ర అక్కర్లేదు. పైన చెప్పిన అదనపు షరతులు అంతకన్న పెద్ద బళ్ళకే. ప్రమాదకరమైన సరుకుల బళ్ళకి, ఈ-రిక్షాలకి మాత్రం వాటి నిబంధనలు వాటికి ఉన్నాయి.

దీని అర్థం మీకు తట్టిందా? ఈ మామిడి సీజన్లో నున్న వైపు పోయే టాటా ఏస్, బొలేరో పికప్, ఇవన్నీ ఏడున్నర టన్నులకి చాలా లోపలే. ఇంట్లో కారు నడపడానికని తీసుకున్న లైసెన్సు, లేదా డ్రైవింగు స్కూల్లో కట్టి తెచ్చుకున్న లైసెన్సు, ఇవాళ ఆడమనిషి చేతిలో బతుకుతెరువు కాగితం. మొత్తం బరువు మూడు వేల కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్టు కూడా అక్కర్లేదని చట్టంలో మొదట్నుంచీ ఉంది. కౌంటర్లో గుమాస్తా ‘బ్యాడ్జీ ఉండాలమ్మా’ అంటే, ఏ రూలు ప్రకారమో రాసిమ్మని అడగండి. తీర్పు ప్రతి నేను ఇక్కడ ఇచ్చి వెళ్తాను.

అయితే మినహాయింపులన్నీ మనకి మంచివేనా? ఈ ప్రశ్న నన్ను కొంతకాలంగా తొలుస్తోంది. బండి వెనక నిలబడ్డది మనమే, దాని కింద పడేదీ మనమే. చూపు సరిగా లేనివాడికి, పదిహేనేళ్ళవాడికి సడలింపు ఇవ్వమని ఏ స్త్రీ సంఘమూ అడగదు. నేను షరతుని ఒక్క ప్రశ్నతో తూచుతాను: ఇది వెనక నిలబడ్డ మనిషిని కాపాడుతోందా, లేక ముందు సీటులోకి రాబోయే మనిషిని ఆపుతోందా? కంటి పరీక్ష కాపాడుతుంది. నడిపి చూపించే పరీక్ష కాపాడుతుంది, అది నిజంగా పెడితే. ఎనిమిదో తరగతి ఎవర్నీ కాపాడలేదు, ఆపింది. ఎత్తు కొలత కూడా అలాంటిదే. ఢిల్లీలో బస్సు డ్రైవరుకి 159 సెంటీమీటర్లు ఉండాలన్న షరతుని 2022లో ఆడవాళ్ళకి 153కి తగ్గించారు, హెవీ లైసెన్సు మూడేళ్ళుగా ఉండాలన్న షరతుని నెల రోజులకి దించారు. ఎత్తు తగ్గించడం నాకు సబబే, సీటు ముందుకి జరుగుతుంది కదా. మూడేళ్ళని ఒక్క నెల చేయడం మీద మాత్రం నాకు అనుమానం ఉంది. ఆ కొరత మంచి శిక్షణతో పూడ్చి ఉంటే ఒప్పుకునేదాన్ని.

ఆ ఢిల్లీ సంస్థలోనే 2015లో మొదటి మహిళా బస్సు డ్రైవరుగా చేరింది ఎవరో తెలుసుగా? మన నల్గొండ జిల్లా తండా పిల్ల, సరిత. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు నడపడానికి ఆమె 2025 దాకా ఆగవలసి వచ్చింది. పక్కనున్న తమిళనాడులో వసంతకుమారి 1993లోనే ప్రభుత్వ బస్సు నడిపింది. మన దగ్గర 1990ల్లో ఆడవాళ్ళు కండక్టర్లయ్యారు. టిక్కెట్టు కొట్టడం దాకా రానిచ్చారు, స్టీరింగు దగ్గర గీత గీశారు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మంచిదే, నేను కాదనను, ఇవాళ కూడా అలాగే వచ్చాను. దానితో ఆటోవాళ్ళ గిరాకీ పోయిందని గొడవ చేశారు, అదీ న్యాయమే. అక్టోబరు 4న ప్రభుత్వం ‘ఆటో డ్రైవర్ల సేవలో’ అని సుమారు 2 లక్షల 90 వేలమందికి తలా 15,000 వేసింది. మొత్తం లెక్కలో స్త్రీ ఎక్కడుందో చూడండి. ఎక్కినా ప్రయాణికురాలే, ఎక్కడం మానేసినా ప్రయాణికురాలే. ఆమె ఎక్కకపోవడం వల్ల నష్టపోయినవాడికి పరిహారం. ఆమె నడపవచ్చన్న ఊహ ఆ చర్చలో ఒక్కసారైనా వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

నేను డ్రైవింగు నేర్చుకున్నది ముప్ఫై ఎనిమిదో ఏట. స్కూలాయన మొదటి రోజు “సార్ రాలేదా మేడమ్?” అన్నాడు. నేర్చుకునేది నేనే అంటే, “అదే, సార్ పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందని” అన్నాడు. ధైర్యం ఎవరికో అడగలేదు. నాకు కారు కొనే స్తోమత, డాక్టరేటు, ఉద్యోగం ఉండి ఇది పరిస్థితి. పొద్దున తోటకి, సాయంత్రం పొయ్యి దగ్గరికి వెళ్ళే మనిషి ఎప్పుడు నేర్చుకోవాలి, ఎవరి బండి మీద నేర్చుకోవాలి? తన పేరున ఆర్.సి. ఉన్న బండి మీద కూడా ఆమెని కూర్చోనివ్వరు. ‘గేరు బాక్సు పోతుంది’ అంటారు.

అందుకని మనం అడగవలసింది రాష్ట్రాన్నే. చట్టంలో 28వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వాలకి రూల్సు చేసే అధికారాలు ఇచ్చింది. అందులో ఒక తమాషా ఉంది. రోడ్డు రోలరు డ్రైవర్లకి లైసెన్సు నిబంధనల నుంచే మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది. ఆ సెక్షనులోనే, ఫలానా తరగతి మనుషులకి ఫీజుల్లో కొంతో మొత్తమో మినహాయించే అధికారమూ ఉంది. రోడ్డు రోలరు గుర్తొచ్చినవాళ్ళకి వ్యవసాయ కూలి స్త్రీ గుర్తు రావచ్చు కదా. ఆమెకి లెర్నరు ఫీజు, పరీక్ష ఫీజు మాఫీ చేయడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఫీజు వందల్లోనే ఉంటుంది, అసలు ఖర్చు నేర్చుకోవడానికి అయ్యేది. కాబట్టి మహిళా సంఘాలకి అప్పులు ఇచ్చేటప్పుడు బండికి ఇచ్చే అప్పులో ఆమె శిక్షణకి అయ్యే డబ్బు కూడా కలపాలని, బండి ఆమె పేరున ఇస్తే ఆమెకి లైసెన్సు కూడా ఉండేలా చూడాలని అడుగుదాం. ఇక్కడ ఒక జాగ్రత్త: లైసెన్సు లేకపోతే అప్పు ఇవ్వం అనే షరతుగా దాన్ని మార్చేస్తారు, అప్పుడు ఉన్న అప్పూ పోతుంది. అలా కాకుండా రాయించుకోవాలి.

2019 సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ ఆర్.టి.ఓ. ఆఫీసులోనైనా లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, ఉంగుటూరు కృష్ణాలో ఉండిపోయింది. మీది ఈ జిల్లా కాదు, ఆ జిల్లాకి పొమ్మని తిప్పితే వినక్కర్లేదు.

తోటలకి మనుషుల్ని తీసుకెళ్ళే బళ్ళ విషయం మాత్రం లైసెన్సుతో తీరేది కాదు. మేస్త్రితో కూలి మాట్లాడుకునేటప్పుడే బండి సంగతి కూడా మాట్లాడుకోవాలి. సీట్లున్న బండి, మనుషులకి ఇన్సూరెన్సున్న బండి. “అలా అయితే కూలిలో యాభై తగ్గుతుంది” అంటారని ఇందాక ఒకామె అంది. తగ్గించకూడదని ఎలా పట్టుబట్టాలో నా దగ్గర సమాధానం లేదు, అది మీ సంఘాలే తేల్చుకోవాలి. ఒక్క ఊరు పట్టుబడితే మేస్త్రి పక్క ఊరికి పోతాడు, కాబట్టి నాలుగైదు ఊళ్ళు కలిసే మాట్లాడాలి.

ఇప్పుడు భోజనాలకి లేద్దాం. దగ్గర ఇళ్ళవాళ్ళు వెళ్ళొచ్చేటప్పుడు మీ పేరున ఉన్న ఆర్.సి., ఇన్సూరెన్సు కాగితం, ఆ బండి నడిపేవాళ్ళ లైసెన్సు తీసుకురండి. ఇవ్వనంటే, ఇవ్వనన్నారని వచ్చి చెప్పండి. మూడింటికి కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం.